జిమ్‌లో చేరాక నా ఎస్‌జీఓటీ ఎందుకు పెరిగింది?

ఫ్యాటీ లివర్ అని రిపోర్టులో చూసుకుని జిమ్‌లో చేరేవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు. కొన్నాళ్ళు కష్టపడ్డాక మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే, తగ్గాల్సిన లివర్ ఎంజైములు (ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ) పెరిగి కనిపించేసరికి భయపడి అన్నీ మానేసినవాళ్ళనూ చూశాను. నాకూ అలాగే పెరిగాయి. అవి ఎందుకు పెరిగాయో, తర్వాత ఏమైందో, మధ్యలో మా ఇంట్లో ప్రొటీన్ పొడి డబ్బా మీద ఎంత గొడవ జరిగిందో రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. హనుమకొండలో ఒక బ్యాంకులో పనిచేస్తాను, వయసు నలభై దాటింది. నా ఒంట్లో జరిగింది, నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది, ఇంతే ఇందులో ఉంది.

మా ఆఫీసులో ఏటా చేసే హెల్త్ చెకప్‌లో మొదట బయటపడింది. ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 46. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్. అప్పుడు నా బరువు 84 కిలోలు, నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు. మందు ముట్టనివాడికి లివర్ జబ్బేమిటని ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు. మన దేశపు మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు దాటితేనే ప్రమాదం కింద లెక్క అని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం కంచం నిండా అన్నం, రాత్రి మళ్ళీ అన్నం, మధ్యలో రెండు చెంచాల పంచదారతో నాలుగైదు చాయలు, రోజంతా కుర్చీ. లివర్‌లో కొవ్వు చేరడానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదట.

ఇది నా ఒక్కడి సంగతి కాదని తర్వాత తెలిసింది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్ వాళ్ళు చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. పరీక్షించిన 345 మందిలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉందని తేలింది. కేంద్ర ప్రభుత్వం 2021లోనే షుగర్, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బుల జాతీయ కార్యక్రమంలో దీన్ని కూడా చేర్చింది.

నన్ను చూసిన గ్యాస్ట్రో డాక్టర్ ఫైబ్రోస్కాన్ చేయించారు. అందులో రెండు అంకెలు వస్తాయి. కొవ్వు ఎంత ఉందో చెప్పేది క్యాప్, లివర్ ఎంత గట్టిపడిందో చెప్పేది కిలోపాస్కల్. నాకు క్యాప్ 302 వచ్చింది, అంటే కొవ్వు బాగానే పేరుకుంది. గట్టిదనం 5.9. అది మామూలే, మచ్చ పడలేదన్నారు. నేను మాత్రలు రాస్తారేమోనని చూస్తుంటే ఆవిడ జిమ్‌కి వెళ్ళమన్నారు. "నడక సరే, నడవండి. కానీ బరువులు కూడా ఎత్తండి. మీ కాళ్ళలో, వీపులో కండ లేదు" అన్నారు.

నాకు ఆ మాట మొదట అర్థం కాలేదు. లివర్ కొవ్వుకీ తొడ కండకీ ఏమిటి సంబంధం? ఆవిడే కాగితం మీద గీసి చూపించారు. తిన్న అన్నం గ్లూకోజై రక్తంలోకి వచ్చాక దాన్ని దాచుకునే పెద్ద చోటు కండరాలే. కండ తక్కువైనా, ఉన్న కండ ఇన్సులిన్ మాట విననంటూ మొండికేసినా ఆ గ్లూకోజంతా లివర్ మీద పడుతుంది. లివర్ తన దగ్గర పట్టినంత దాచుకుని మిగిలింది కొవ్వుగా మారుస్తుంది. బరువులెత్తితే కండరాల్లో ఉన్న నిల్వ ఖర్చయిపోతుంది, కాబట్టి తర్వాత తిన్నది ముందు అక్కడికి పోతుంది. బరువు తగ్గకపోయినా ఈ మేలు కొంత జరుగుతుందట. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ పరిశోధకులు 2011లో ఇదే చూపించారు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళతో 8 వారాలు బరువుల వ్యాయామం మాత్రమే చేయిస్తే శరీర బరువు మారకుండానే లివర్ కొవ్వు సుమారు 13 శాతం తగ్గింది. 13 శాతం అంటే గొప్పేమీ కాదు. ఒంటి బరువు 7 నుంచి 10 శాతం తగ్గితే వచ్చే లాభం ఇంకా చాలా ఎక్కువ. కానీ మోకాళ్ళ నొప్పులతో పరుగెత్తలేని నాలాంటివాడికి ఆ మాట పెద్ద ధైర్యం.

ఇంటి దగ్గర్లోనే, పాత గోడౌన్‌లో పెట్టిన జిమ్ ఒకటి ఉంది. పొద్దున ఐదున్నరకు తీస్తారు. మొదటివారం ఖాళీ రాడ్‌తోనే స్క్వాట్లు చేయించాడు ట్రైనర్. రాడ్ ఒక్కటే ఇరవై కిలోలు. మెడ వెనక ఎముక మీద కాకుండా కాస్త కిందికి, భుజాల కండ మీద దాన్ని ఆనించుకోవడం నేర్చుకోవడానికే కొన్ని రోజులు పట్టింది. కూర్చునేటప్పుడు మడమలు లేస్తుంటే పాత సైకిల్ టైరు ముక్క తెచ్చి మడమల కింద పెట్టాడు. మర్నాడు మెట్లు ఎక్కగలిగేవాణ్ణి కానీ దిగలేకపోయేవాణ్ణి. రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగాల్సి వచ్చేది. ఈ నొప్పి సంగతి గుర్తుంచుకోండి, తర్వాత కథంతా దీని చుట్టూనే ఉంది.

ఇక ప్రొటీన్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. నా బరువుకు అది 70 గ్రాములు. మా డాక్టర్ కిడ్నీ పరీక్షలు చూసి, బరువులు ఎత్తుతున్నారు కాబట్టి 90 నుంచి 100 గ్రాముల దాకా తీసుకోవచ్చన్నారు. నేను తినేది లెక్కేసుకుంటే 50 కూడా రావడం లేదు. గిన్నెడు పప్పులో బోలెడు ప్రొటీన్ ఉంటుందనుకుంటాం. గుప్పెడు కందిపప్పును నీళ్ళు పోసి ఉడికించి వేసుకునే ఆ గిన్నెలో ఆరేడు గ్రాములకు మించదు. గుడ్డులో 6 గ్రాములు. గ్లాసు పెరుగులో 6. గుప్పెడు పల్లీల్లో 7, కానీ వాటితోపాటు నూనె. శాకాహారంలో నాకు బాగా పనికొచ్చింది మీల్ మేకర్. పొడిగా తూచిన బరువులో సగం ప్రొటీనే.

చికెన్, గుడ్లు తినే రోజుల్లో ఇబ్బంది లేదు. కానీ మా ఇంట్లో సోమవారం, శనివారం నీసు ముట్టరు. కార్తీకం వస్తే నెలంతా అంతే. ఆ రోజుల్లో లోటు పూడ్చడానికి ఒక స్కూపు వే ప్రొటీన్ వేసుకోవచ్చని డాక్టరే అన్నారు. అది పాల విరుగుడు నీళ్ళ నుంచి తీసే పొడి. 33 గ్రాముల స్కూపులో 24 గ్రాముల ప్రొటీన్ అని డబ్బా మీద ఉంది. నల్లటి పెద్ద డబ్బా, మీద కండలు తిరిగిన చెయ్యి బొమ్మ. దాన్ని చూసిన రోజే మా అమ్మ మొహం మారిపోయింది.

కొన్ని నెలలు గడిచాక ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ రక్తపరీక్ష, మళ్ళీ చేయించాను. ప్యాంటు వదులైంది, చాయలో పంచదార మానేశాను, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, కూర తింటున్నాను. రిపోర్టు బాగుంటుందని నమ్మకంగా ఉన్నాను. ఎస్‌జీఓటీ 142, ఎస్‌జీపీటీ 96. ఎర్రటి అక్షరాల్లో, పక్కన పైకి చూపించే బాణం గుర్తుతో ఫోన్‌కి వచ్చింది. ఆ సాయంత్రం నాకు పట్టిన టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఇంట్లో అందరి వేలూ డబ్బా వైపే. "గా డబ్బల పొడి తాగవట్టే గిట్లయింది బిడ్డా, బంద్ చెయ్" అని అమ్మ ఏడ్చింది. మా ఆవిడ నోరెత్తకుండా డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. అమ్మ భయానికి కారణం ఉంది. మా మేనమామ లివర్ సిర్రోసిస్‌తో పోయాడు. ఆయనకు జబ్బని తెలిసినప్పటి నుంచి పప్పు, గుడ్డు, మాంసం అన్నీ మాన్పించి చారన్నం, మజ్జిగన్నం పెట్టారు. మన దగ్గర కామెర్లు వచ్చినా, లివర్‌కి ఏమైనా మొదట చేసేది ఈ పత్యమే. బలమైన తిండి లివర్‌కి బరువని అందరి నమ్మకం. ఆయన చేతులు, తొడలు ఎండిపోయి చివరికి లేచి కూర్చోలేని స్థితి వచ్చింది. అదంతా జబ్బు వల్లేననుకున్నాం. ఇప్పుడు యూరప్ లివర్ డాక్టర్ల సంఘం మార్గదర్శకాల్లో సిర్రోసిస్ రోగికి కూడా కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలని ఉంది, ఎందుకంటే కండ తరిగిపోవడమే వాళ్ళను ఇంకా దెబ్బతీస్తుంది. ఈ విషయం చదివినప్పుడు మామయ్య గుర్తొచ్చి చాలా బాధేసింది. ఆ రోజుల్లో డాక్టర్లే ప్రొటీన్ తగ్గించమనేవారు, ఇంట్లోవాళ్ళ తప్పేమీ లేదు.

రిపోర్టు పట్టుకుని మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అంకెలు చూసి కంగారు పడలేదు. మొదటి ప్రశ్న, "పరీక్షకు ముందు జిమ్‌లో ఏం చేశారు?" అని. రెండు రోజుల ముందు కాళ్ళ వ్యాయామం చేశాను, స్క్వాట్లు, లెగ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ అన్నీ, అది కూడా బరువు పెంచి. నొప్పి ఉందా అంటే ఉందన్నాను. "అయితే ఇందులో ఎంత లివర్‌ది, ఎంత మీ తొడలదో తేలాలి" అన్నారు.

ఎస్‌జీఓటీ లివర్‌లోనే కాదు, కండరాల్లోనూ బోలెడు ఉంటుంది. ఎస్‌జీపీటీ కూడా కొంత ఉంటుంది. అలవాటు లేని బరువు ఎత్తినప్పుడు కండ పోగుల్లో సన్నటి చీలికలు వస్తాయి. మెట్లు దిగనివ్వని ఆ నొప్పి అదే. ఆ చీలికల్లోంచి ఎంజైములు రక్తంలోకి కారతాయి. వాటికి అవి ఏ అవయవం నుంచి వచ్చాయన్న ముద్ర ఉండదు కాబట్టి ల్యాబ్ లివర్ లెక్కలోనే చూపిస్తుంది. బరువులెత్తే అలవాటు లేని ఆరోగ్యవంతులైన మగవాళ్ళతో ఒక గంట వ్యాయామం చేయించి చూసిన అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. వాళ్ళందరి లివర్లూ బాగున్నా ఈ రెండు ఎంజైములూ కనీసం వారం రోజులు ఎక్కువగానే ఉన్నాయి. లివర్ పరీక్షలోనే చూసే జీజీటీ, బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం, దెబ్బ కండరాలకే కాబట్టి, మామూలుగానే ఉన్నాయి. తేడా అక్కడే దొరుకుతుంది.

నా రిపోర్టులో కూడా ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీని మించిపోయింది. మొదటిసారి అది తిరగేసి ఉంది, మామూలు ఫ్యాటీ లివర్‌లో అలాగే ఉంటుందట. బిలిరుబిన్ 0.7. ఆవిడ అదే రోజు జీజీటీ, సీపీకే రాశారు. సీపీకే అనేది కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైము, మామూలుగా 200 లోపు ఉండాలి. నాకు 1,900 వచ్చింది. జీజీటీ 31, ఏ తేడా లేదు. మూత్రం రంగు మారిందా అని అడిగారు. సీపీకే వేలల్లోకి బాగా ఎక్కి, మూత్రం నల్ల టీ రంగులో వస్తే అది కిడ్నీలకు ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి రావాలని హెచ్చరించారు. నాకు అలాంటిదేమీ లేదు.

"పది రోజులు జిమ్ ఆపండి. నడవండి, అంతే. పొడి మాత్రం ఆపకండి" అన్నారు. ఆ చివరి మాట విని ఉలిక్కిపడ్డాను. రెండూ ఒకేసారి ఆపితే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు కదా అన్నది ఆవిడ వాదం. అయితే పొడి డబ్బాను ముందు తెప్పించుకుని, వెనక ఉన్న లేబుల్ అంతా కళ్ళజోడు పెట్టుకుని చదివారు. అందులో వే, కోకో పొడి, లెసిథిన్, తీపి కోసం సుక్రలోజ్ తప్ప ఇంకేమీ లేవని చూసుకున్నాకే ఆ మాట అన్నారు. వేరే మూలికలో, కొవ్వు కరిగించే పదార్థాలో ఉంటే అక్కడికక్కడే ఆపించేదాన్నని కూడా చెప్పారు.

అమ్మకు ఇది నచ్చజెప్పడం నా వల్ల కాలేదు. తర్వాతిసారి ఆమెను కూడా వెంట తీసుకెళ్ళాను. గడువు తర్వాత చేసిన పరీక్షలో ఎస్‌జీఓటీ 32, ఎస్‌జీపీటీ 43, సీపీకే 140. డాక్టర్ అమ్మతోనే మాట్లాడారు. "అమ్మా, పొడి తాగుతూనే ఉన్నాడు, చూడండి, తగ్గింది. ఇది పాలలోంచి వచ్చిందే." అమ్మ రిపోర్టు చేతిలోకి తీసుకుని ఎర్ర అక్షరాలు ఎక్కడైనా ఉన్నాయేమోనని పై నుంచి కింద దాకా వేలు పెట్టి చూసింది. ఇంటికి వచ్చాక డబ్బా అటక మీది నుంచి వంటింటి గూట్లోకి వచ్చింది.

ప్రొటీన్ విషయంలో నాకు ఇంకా అనుమానం ఉండి వెతికితే రెండు అధ్యయనాలు దొరికాయి. స్విట్జర్లాండ్‌లో ఊబకాయం ఉన్న మహిళలకు నాలుగు వారాలు రోజుకు 60 గ్రాముల వే ఇస్తే లివర్ కొవ్వు ఐదో వంతు తగ్గింది. అది చాలా చిన్న అధ్యయనం. జర్మనీలో షుగర్ ఉన్నవాళ్ళకు కేలరీలు మార్చకుండా ప్రొటీన్ పెంచి ఆరు వారాలు తిండి పెడితే లివర్ కొవ్వు మూడో వంతుకు మించి తగ్గింది. పప్పుల ప్రొటీన్ ఇచ్చినవాళ్ళకూ, పాలు, మాంసాల ప్రొటీన్ ఇచ్చినవాళ్ళకూ రెండు వర్గాల్లోనూ తగ్గింది. కాబట్టి మహత్యం పొడిలో లేదు. అన్నం, పంచదార తగ్గి ఆ జాగాలోకి ప్రొటీన్ రావడంలో ఉంది. ఉన్న తిండి మీద అదనంగా రెండు స్కూపులు పాలలో అరటిపండుతో కలిపి తాగితే అవీ కేలరీలే.

ఇంత చెప్పాక, డబ్బాల్లో నిజంగా భయపడాల్సినవి ఉన్నాయని కూడా అంతే గట్టిగా చెప్పాలి. నా ఎంజైములు పెరగకముందే ట్రైనర్ ఒక చిన్న సీసా చూపించి, "అన్నా, ఇది వేసుకుంటే కొవ్వు జర్రున కరుగుతది" అన్నాడు. ఫ్యాట్ బర్నర్. వెనక చూస్తే గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, గార్సీనియా, ఇంకా ఎంతెంత కలిపారో చెప్పని ఒక మిశ్రమం. కప్పులో తాగే గ్రీన్ టీకి భయం లేదు. దాని సారం చిక్కగా తీసి మాత్రలో పెడితే లివర్‌ను దెబ్బతీయగలదు. అందులో ఉండే ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన వెళ్తే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. నేను వద్దన్నాను.

మా జిమ్‌కే వచ్చే ఒక కుర్రాడి సంగతి ఇంకా ఘోరం. ఇరవై మూడేళ్ళుంటాయి. పెళ్ళిలో బాగా కనిపించాలని "కోర్స్" వేసుకున్నాడు. జిమ్ భాషలో కోర్స్ అంటే స్టెరాయిడ్లే. పేరు లేని పొట్లాల్లో వచ్చే స్టానోజోలాల్, మిథాండినోన్ లాంటి మాత్రలు. కొన్ని వారాలకు ఒళ్ళంతా దురద, రాత్రిళ్ళు నిద్ర లేదు, ఆ తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. ఇంట్లోవాళ్ళు కామెర్లని ఊరికి తీసుకెళ్ళి పసరు పోయించారు. దాంతో ఇంకా ముదిరింది. చివరికి హైదరాబాద్‌లో చేర్పిస్తే చాలా రోజులకు గానీ బిలిరుబిన్ దిగలేదు. ఆ ఇంట్లో కూడా మొదట అనుమానం ప్రొటీన్ డబ్బా మీదికే వెళ్ళింది. మాత్రల సంగతి అతను డాక్టర్‌కి చెప్పడానికి సిగ్గుపడి దాచాడు. అదే అతని ప్రాణం మీదికి తెచ్చింది.

పొడుల్లోనూ అన్నీ నమ్మదగ్గవి కావు. కేరళ డాక్టర్లు మన మార్కెట్లో దొరికే 36 రకాల ప్రొటీన్ పొడులను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 70 శాతం వాటిలో లేబుల్ మీద రాసిన ప్రొటీన్‌కీ లోపలున్న దానికీ పొంతన లేదు. సుమారు 14 శాతం వాటిలో బూజు విషమైన అఫ్లటాక్సిన్ దొరికింది, అది నేరుగా లివర్‌కే హాని. మూలికలు కలిపినవి మరీ అనుమానించదగ్గవని వాళ్ళు రాశారు. అదే ఏడాది వచ్చిన పోషకాహార సంస్థ మార్గదర్శకాలు కూడా కండలు పెంచడానికి ఇలాంటి సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పాయి. తిండితో సరిపోయేవాళ్ళకు అది సరైన సలహా అని నేనూ అంటాను. నా వరకు నీసు లేని రోజుల్లో ఒక్క స్కూపు, అంతే. కొనేముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఆ బ్యాచ్‌కి బయటి ల్యాబ్ రిపోర్టు ఉన్నాయా అని చూస్తాను. పదార్థాల వరుసలో గ్లైసిన్, టారిన్ విడిగా కనిపిస్తే కొనను. చవక అమైనో ఆమ్లాలు కలిపి ప్రొటీన్ లెక్క ఎక్కువ చూపించడానికి వాటిని వాడతారు.

ఏడాది తిరిగాక ఫైబ్రోస్కాన్ మళ్ళీ చేశారు. క్యాప్ 302 నుంచి 254కి దిగింది. గట్టిదనం 5.1. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 1. బరువు 78 కిలోలు, నడుము 93. వీటిలో బరువులెత్తడం వల్ల ఎంత, పంచదార మానడం వల్ల ఎంత, రాత్రి అన్నం తగ్గించడం వల్ల ఎంత అని విడదీసి చెప్పడం కుదరదు. డాక్టర్ కూడా చెప్పలేదు. రక్తంలోని కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్స్, మాత్రం ఇంకా 170 దగ్గరే ఉన్నాయి, నడుము ఇంకో మూడు సెంటీమీటర్లు తగ్గాలి.

ఇప్పుడు రక్తపరీక్ష ఉందంటే వారం పది రోజుల ముందు నుంచి కాళ్ళ వ్యాయామం ఆపేస్తాను. ల్యాబ్ చీటీతోపాటు నేను వాడుతున్న పొడి లేబుల్ ఫోటో, చివరిసారి ఎప్పుడు బరువులెత్తానో రాసిన కాగితం డాక్టర్‌కి ఇస్తాను. మా బ్రాంచిలో ఇంకో ఇద్దరికి గ్రేడ్ 1 వచ్చింది. వాళ్ళలో ఒకరు నాతోపాటు ఐదున్నరకే వస్తున్నారు, రెండోవారు ఇంట్లోనే డంబెల్స్ కొనుక్కున్నారు. వచ్చే చెకప్‌కి ముందు జిమ్ ఆపమని, ఎంజైములు పెరిగితే సీపీకే, జీజీటీ కూడా అడగమని వాళ్ళిద్దరికీ ఇప్పటికే చెప్పి పెట్టాను.